బతికున్న అత్తకు పెత్రమాస

"ఆమెకు నీళ్ళియ్యాల్నా వద్దా? ముందుగాల అది చెప్పు అత్తా!"

కావేరి గొంతు తగ్గించే అడిగింది. కానీ ఆ తగ్గించిన గొంతులోనే కోపమంతా కుతకుతమంటోంది. ఎంతసేపటి నుంచో చేతిలో నీళ్ళ చెంబుతో వంటింటి గడప మీద నిలబడి ఉంది. లోపల అత్త, వెనక వాకిట్లో మామ, నడుమ హాల్లో సోఫా మీద చచ్చిపోయిన మనిషి.

ఆ చచ్చిపోయిన మనిషి కాలు మీద కాలేసుకుని, ఎదురుగా తలుపు తీసి ఉన్న నడిమింట్లో, గోడకు వేలాడే తన ఫోటోను తానే చూసుకుంటోంది. ఫోటోకు పొద్దున్నే కావేరి వేసిన బంతిపూల దండ ఉంది.

రామాబాయి పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "సచ్చినోళ్ళకు నీళ్ళు గడప బయట ఇడుస్తరు. చేతికియ్యరు" అంది, పెనం మీద వేరుశనగ పూర్ణం పెట్టిన ఓళిగె తిరగేస్తూ.

"యాడ సచ్చిందత్తా? కార్ల దిగె. నడుసుకుంట వచ్చె. నా చెయ్యి పట్టుకొని 'బాగున్నవా బిడ్డా' అనె."

"నాకవన్నీ తెల్వదు. నా చేతులతోటి ఇన్నేండ్లు ఎడె పెట్టిన మనిషి. ఆమె మొఖం చూస్తే నాకు గుండె దడదడ అంటుంది. నువ్వేమన్న చేసుకో, నేను మాత్రం హాల్లకు రాను."

రాదట! కావేరికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ పట్టదు. అందరి పట్టింపులూ మోయడానికి మాత్రం ఒక కోడలు ఉండాలి.

ఈరోజే పెత్రమాస కావడం గోరుచుట్టు మీద రోకటిపోటు. పెద్దల అమావాస్య నాడు ఈ ఇంట్లో మూడు ఆకులు పడతాయి. ఒకటి మామ హంపయ్య తండ్రికి. ఒకటి తల్లి యంకవ్వకు. మూడోది పెళ్ళి కాకముందే బొంబాయిలో జబ్బు చేసి పోయిన చెల్లెలు హులిగెమ్మకు. వాళ్ళ వాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకుల్లో వడ్డించి, పక్కన కొత్త బట్టలు ఉంచుతారు. దాన్నే ఎడె పెట్టడం అంటారు. చెల్లెలి పేర పెట్టిన చీర ఆ తర్వాత ఇంటి కోడలు కట్టుకోవాలి. కావేరి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఏటా ఒక చచ్చిపోయిన మనిషి చీర కడుతూనే ఉంది.

అంతా పద్ధతిగానే ఉంది. ఒక్కటే కిరికిరి. ఆ మనిషి పోలేదు.

పోకపోగా దేశమంతా చూస్తుండగా బతికింది. మోహన అనే పేరుతో హిందీ సినిమాల్లో మొదట గుంపులో వెనక వరసలో గాగ్రా తిప్పింది. కొన్నాళ్ళకు ఆ గుంపే ఆమె వెనక తిప్పింది. పదేళ్ళు నాయిక. ఇంకొన్నేళ్ళు నాయకుడికి వదినె. ఆ పైన జుట్టుకు తెల్లరంగు పూయించుకుని బోలెడన్ని సినిమాల్లో కన్నతల్లి. ఒకప్పుడు ఆమె చుట్టూ చెట్లెంబడి తిరిగిన హీరోనే తర్వాతి కాలంలో 'అమ్మా' అంటూ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు సీరియల్లో కోడళ్ళను కాల్చుకు తినే అత్త.

గడ్డం మీద పుట్టుమచ్చ ఫోటోలోనూ అదే, టీవీలోనూ అదే. రాయచూరులో ఈ సంగతి తెలియని పాతకాపు లేడు. ఇంట్లో అందరికీ లోలోపల తెలుసు. హంపయ్య ముందు ఎవరూ అనరు, అంతే. ఆమె సీరియల్ వచ్చే వేళకు ఇంట్లో రిమోట్ కనబడకుండా పోతుంది.

కావేరి ఇక ఆగలేదు. చెంబు తీసుకుపోయి మొగుడి మేనత్త ముందు నిలబడింది.

"తీసుకోండి చిన్నత్తా. ఎండలో వచ్చిన్రు."

హులిగెమ్మ చెంబెత్తి గటగటా తాగింది. డెబ్బై దాటిన మనిషి. ఒంటి మీద నగ లేదు. ముఖానికి రంగు లేదు. మూతి తుడుచుకుని నవ్వింది.

"ఈ ఇంట్ల నీళ్ళు గింత చల్లగుంటయని మరిచిపోతి. మట్టి రంజన్లవేనా?"

"ఫ్రిజ్‌లవి."

"అట్లనా! నేను రంజన్లవనుకొని తాగితి."

ఆమె తెలుగు విని కావేరికి ముచ్చటేసింది. ఈ వీధిలో ముసలివాళ్ళు కూడా మరిచిపోయిన మాటలు ఆమె నోట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"మీరు పండుగ నాడే ఎందుకొచ్చిన్రు చిన్నత్తా? రేపు రావొద్దా?" అంది, కోపం, జాలి రెండూ కలిసిన గొంతుతో.

"ఈ పండుగకే వచ్చిన బిడ్డా. రెండు పనులు. ఆ ఫోటో గోడ మీదికెళ్ళి దిగాలె. మా అన్న చేత్తోనే దిగాలె. ఈ ఇంట్ల కూసొని, బతికున్నోళ్ళ పంక్తిల ఒక్క ముద్ద తినాలె. సాయంత్రం బండికి పోత. కాదంటే ఇంక రాను. వచ్చే తాకత్ గూడ లేదు నాకు."

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు?"

హులిగెమ్మ చెంబు కిందపెట్టింది. "మొన్న నాకు పెద్ద సన్మానం చేసిన్రు. మీవాళ్ళు ఎంతమంది వస్తరు, ముందు వరసల కుర్చీలు పెడతం అన్నరు. నలుగురు వస్తరంటి. ఎందుకంటినో నాకే తెల్వదు. శాలువా కప్పుతుంటే అందరు చప్పట్లు కొడుతున్నరు, నేను ఆ నాలుగు ఖాళీ కుర్చీలే చూస్తున్న."

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. ఎదురింటి బసవప్ప మాస్టారు. చేతిలో ఫోను, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా.

"ఏమమ్మా కావేరీ, మోహనా మేడమ్ మీ ఇంటికొచ్చిన్రంట గద? ఒక్క సెల్ఫీ తీసుకుంట. సుమ్నె, ఊరికే రెండు నిమిషాలు."

"ఎవరూ రాలేదు సార్. పెత్రమాస, పనుల మీదున్నం."

"మరి కారు?"

"కారు ఎవరిదో! మీరు సాయంత్రం రండి."

గేటు గడియ పెట్టి లోపలికి వస్తూ పళ్ళు కొరికింది. ఎవరూ రాలేదని బయటి నుంచి వచ్చిన కోడలు కూడా చెప్పగలిగేంతగా ఈ ఇంట్లో అందరికీ అబద్ధం అలవాటైపోయింది. తానూ ఆ తానులో ముక్కే అయింది.

ఇదంతా చాలదన్నట్టు ఆమె మొగుడు అమరేశ్ ఫోను చెవికి ఆనించుకుని మేడ మెట్లు దిగాడు. నలుగురిలో పెద్దమనిషి. మోటారు పంపుల దుకాణంలో నోరు చేసుకుని గిరాకీని నిలబెట్టగలడు గానీ, ఇంట్లో తండ్రి ముందు నోరు పెగలదు.

"గుడి అయ్యగారితోటి మాట్లాడిన. దీనికి దారి ఉందంట!" అన్నాడు సంబరంగా.

"ఏందంట?"

"దినాలు చేసినంక బతికొస్తే మళ్ళ పుట్టినట్టే లెక్కంట. నెత్తి మీద నెయ్యి పోసి తానం చేయించి, తొట్టెల్ల ఏసి, మళ్ళ పేరు పెట్టాలంట. అటక మీద మన తొట్టెల ఉండాలె, చూడు."

కావేరి మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. "డెబ్బై దాటిన మనిషిని తొట్టెల్ల ఏస్తవా?"

"ఏసినట్టు చేస్తే సాలంట."

"ఊపేదెవరు? నువ్వా?"

సోఫా మీది మనిషి పకపకా నవ్వింది. "పిల్లగా, నేను పదిహేడేండ్లకెళ్ళి అన్ని వేషాలు కట్టిన. గుడ్డిదాన్నైన, పిచ్చిదాన్నైన, తొమ్మిదిసార్లు సచ్చిన. తొట్టెల్ల పిల్ల వేషం ఒక్కటి ఎవ్వరు ఇయ్యలే. వెతుకు, వెతుకు."

అతగాడు నిజంగానే నిచ్చెన కోసం పోయాడు. కావేరి నుదురు కొట్టుకుంది.

వెనక వాకిట్లోంచి హంపయ్య లోపలికి వచ్చాడు. చేతిలో కడిగిన అరటాకులు. మూడు. గంజి మార్కెట్లో పత్తి వ్యాపారుల దగ్గర గుమాస్తాగా బతుకంతా గడిపిన మనిషి. మాట తక్కువ, పట్టు ఎక్కువ. హాల్లోంచి నడిమింట్లోకి పోవాలంటే సోఫా ముందు నుంచే పోవాలి. పోయాడు. సోఫా ఖాళీగా ఉన్నట్టే పోయాడు.

"అన్నా" అంది హులిగెమ్మ లేచి నిలబడి.

"కావేరీ, మీ చిన్నత్త చీర యాడ పెట్టినవ్?" అన్నాడు హంపయ్య.

ఆమె ఎదుటే! కావేరికి ఒళ్ళు మండింది.

"ఈడనే ఉన్న గద అన్నా, నా చేతికే ఇయ్యమను. కట్టుకుంట" అంది హులిగెమ్మ.

హంపయ్య ఆకులు నేల మీద పరిచాడు. ఒకటి. రెండు. మూడోది చేతిలోనే ఉంచుకున్నాడు. అటు తిరిగే అన్నాడు. "కావేరీ, ఆమెకు చెప్పు. మా చెల్లె బొంబాయిల సచ్చిపోయిందని చెప్పు. నేనే పోయి చూసొచ్చిన అని చెప్పు."

"ఆమె మీ ఎనకనే ఉంది మామా. నేనేమన్న నడుమ టెలిఫోనా?"

"చెప్పు కావేరీ" అంది హులిగెమ్మ కూడా. ఆమె గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "ఆ మాట చెప్పమని బతిమిలాడింది నేనే అని గూడ చెప్పు. కల్లూరుల రెండో పెండ్లోనికి నాయిన నన్ను ఖాయం చేసినప్పుడు నేను నాటక కంపెనీ ఎంబడి పోతి. ఆడికెళ్ళి బొంబాయి పోతి. మా అన్న నన్ను వెతుక్కుంట అంత దూరం వచ్చిండు. నేను సచ్చిపోయిన అని చెప్పన్నా, లేకుంటే నాయిన నన్ను బతకనియ్యడు అని కాళ్ళు పట్టుకుంటి."

వంటింట్లో ఓళిగె మాడుతున్న వాసన వచ్చింది. రామాబాయి కూడా వింటోందన్నమాట.

హంపయ్య ఇటు తిరిగాడు. ఇన్నేళ్ళకు చెల్లెలి ముఖం సూటిగా చూశాడు.

"పట్టుకుంటివి. చెప్తి. నాయిన నమ్మిండు. తానం చేసిండు, దినాలు చేసిండు, గుండు కొట్టిచ్చుకుండు. అవ్వ మాత్రం నమ్మలే."

"అన్నా..."

"నన్ను చెప్పనీ! ఇన్నేండ్లకు నోరు తెరిచిన, చెప్పనీ. నీ బొమ్మ ఊర్లకు వస్తుండె. అవ్వ ఎవ్వరికి చెప్పకుండ మ్యాట్నీకి పోతుండె. హిందీ ఒక్క ముక్క రాదు. కొంగు నోట్ల కుక్కుకొని చూసి, ఇంటికొచ్చి నా ముంగల నిలబడతుండె. 'హంపీ, గా పిల్ల మన హులిగే గదరా?' కాదవ్వా, అంటి. మల్లొక బొమ్మ వచ్చె. మళ్ళ అడిగె. కాదవ్వా, మనిషిని పోలిన మనుషులుంటరు, అంటి. పానం పోయేటప్పుడు గూడ అదే అడిగె. నోట్ల తులసి నీళ్ళు పోస్తుంటే నీళ్ళు మింగలే, నా చెయ్యి పట్టుకొని అదే అడిగె. అప్పుడు గూడ కాదవ్వా అంటి."

హంపయ్య చేతిలోని ఆకుతో గోడ మీది ఫోటోల వైపు చూపించాడు. "నీకిచ్చిన మాట కోసం కన్నతల్లిని గోస పెట్టిన. ఇప్పుడు కార్లల్ల వచ్చి ఫోటో దించు అంటున్నవ్. దించుత. దించితే, పక్కనే ఉన్న అవ్వ ఫోటోకు నేనేం చెప్పాలె?"

మామ ఇన్ని మాటలు ఒక్కపెట్టున మాట్లాడగా కావేరి ఎన్నడూ వినలేదు. ఆయన మీద ఇంతసేపూ పెంచుకున్న కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

హులిగెమ్మ గడప దాటి లోపలికి రాలేదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"ఒక్కసారి నేను వచ్చిన గద అన్నా" అంది మెల్లగా.

హంపయ్య ముఖం మారిపోయింది.

"అవ్వ బతికుండంగనే వచ్చిన. నాయిన పోయిండని తెలిసి వచ్చిన. స్టేషన్ల దిగి నీకు కబురు పంపితి. నువ్వొస్తివి. ఇంటికి తోల్కపోతవనుకుంటి. ప్లాట్‌ఫారం మీదనే నిలబెట్టి, ఎదురుబండి ఎక్కిస్తివి. అవ్వను దూరం నుంచన్న చూస్త అంటే వద్దంటివి. ఇంట్ల పెండ్లుంది, ఇజ్జత్ పోతది అంటివి. ఆ రోజు నువ్వు కొంచపోయింటే అవ్వ అడిగేదే ఉండకపోతుండె."

తప్పు ఎవరిదో తేల్చాలని కావేరి మనసు గబగబా ఇటూ అటూ తిరిగింది. ఏ పక్కకూ నిలబడలేదు. ఇద్దరూ అబద్ధం ఆడారు, ఇద్దరూ ఆ తల్లినే ఏడిపించారు. ఇప్పుడు ఒకరినొకరు నిలదీస్తే ఏం లాభం?

"ఎవరి పెండ్లి?"

అందరూ తలలు తిప్పారు. హాల్లోకి రానని ఒట్టేసుకున్న రామాబాయి, చేతిలో అట్లకాడతో హాలు నడిమధ్య నిలబడి ఉంది.

"ఎవరి పెండ్లని అడుగుతున్న. ఈ ఇంట్ల అప్పుడైన పెండ్లి నాదొక్కటే."

హంపయ్య ఆకు వైపు చూశాడు.

"నా పెండ్లికోసమని చెల్లెను బండెక్కిచ్చినవా? నేనడిగిననా నిన్ను? ఒక్క మాట నాకు చెప్పింటే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా? ఏటేట తెల్లారగట్ల లేసి, తలమీద నీళ్ళు పోసుకొని, బతికున్న ఆడబిడ్డకు నా చేత ఎడె పెట్టిస్తివి గదయ్యా! నాకు పాపం తగలదా? నా పిల్లలకు తగలదా?"

"నీకెందుకు తగుల్తది..." అని గొణిగాడు హంపయ్య.

"నువ్ మాట్లాడకు!" అని రామాబాయి ఆడబిడ్డ వైపు తిరిగింది. ఇందాక ఆమె ముఖం చూడ్డానికే భయపడిన మనిషి, ఇప్పుడు అట్లకాడ ఆమె ముందు ఊపుతూ అడిగింది. "నువ్వన్న ఒక్క చిట్టీ రాయొద్దా నాకు? నీకు పానమని ఏడాదికోసారి చేతులు కాల్చుకొని శేంగా ఓళిగెలు చేస్తున్న నేను!"

హులిగెమ్మ తెల్లబోయింది. "శేంగా ఓళిగెలా? నాకా?"

"కాదా?"

"నాకు శేంగలు పడవు వదినా. తింటే ఒళ్ళంత దద్దుర్లు లేస్తుండె. ఓళిగె అంటే పానమిచ్చేటోడు మా అన్న."

రామాబాయి మొగుడి వైపు మెల్లగా తిరిగింది. "మా అత్త పోయినంక ఏం వండాలె అని నిన్నడిగితే నువ్వే చెప్తివి."

అంత పెద్ద అబద్ధానికి దించని తలను హంపయ్య ఓళిగె దగ్గర దించాడు. కావేరికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వితే మామకు కోపం, ఏడిస్తే తనకు కోపం. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడ మీద అమరేశ్ అటకలో సామాను జరుపుతున్న చప్పుడు వినబడుతోంది.

చివరికి హంపయ్యే అన్నాడు. "పొద్దు నెత్తి మీదికెళ్ళి జారుతుంది. అవ్వా నాయినా ఆకలితోటి నిలబడి ఉంటరు. కొట్లాట ఆనక పెట్టుకుందం. ఎడె పెట్టండి."

"ఎన్ని ఆకులు?" అంది రామాబాయి.

హంపయ్య చేతిలోని మూడో ఆకును తల్లి ఆకు పక్కన పరిచి, హాల్లోకి వచ్చేశాడు. మనిషి మారలేదు. ఇంత జరిగాక కూడా మారలేదు! కావేరి కసిగా వడ్డించింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, వంకాయ, గోధుమ పాయసం. మూడో ఆకులో ఓళిగె వెయ్యబోయి, ఆగి, దాన్ని మళ్ళీ గిన్నెలో పడేసింది. మామ ఎట్లాగూ తర్వాత తింటాడు.

చీర పెట్టింది. కర్పూరం వెలిగించింది. దణ్ణాలయ్యాయి.

ఆ తర్వాత ఈ ఇంట్లో ఒక వాడుక ఉంది. వడ్డించాక ఇంటిల్లిపాదీ బయటికి వచ్చేయాలి. కోడలు తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టాలి. మనం చూస్తుంటే పెద్దలు తినరట, సిగ్గుపడతారట. కాసేపు ఆగి, ఇంటి యజమాని బయటి నుంచే ఒక్కొక్కరినీ పిలిచి 'తిన్నవా' అని అడగాలి. లోపలి నుంచి ఎవరు పలుకుతారు గనక? అయినా అడగాలి. అందరినీ అడిగాకే తలుపు తీయాలి.

కావేరి వెనక్కి వెనక్కి నడుస్తూ గడప దగ్గరికి వచ్చింది. అప్పుడు చూసింది. కర్పూరం పొగలో హులిగెమ్మ తల్లి ఫోటో ముందు మఠం వేసుకుని కూర్చుని ఉంది. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతుండగా లోపలికి వచ్చిందేమో! ఆకుల వైపు చూడడం లేదు. తన ఫోటో వైపూ చూడడం లేదు. తల్లినే చూస్తోంది. పదిమంది ముందు ఏడవడమే పనిగా బతికిన మనిషి, చూసేవాళ్ళు లేని గదిలో ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏడుస్తోంది.

బయటికి రమ్మని చెప్పాలి. చెప్పడం కోడలి ధర్మం. పెద్దల గదిలో బతికున్న మనిషి ఉండకూడదు.

ధర్మమట ధర్మం! ఇంతకాలం అందరూ ధర్మంగా ఉండి ఏం ఒరగబెట్టారు? కావేరి చప్పుడు కాకుండా తలుపు లాగి గొళ్ళెం పెట్టింది.

హాల్లో హంపయ్య ఖాళీ సోఫా వైపు చూస్తున్నాడు. గేటు వైపు చూశాడు. మళ్ళీ సోఫా వైపు.

"పోయిందా?" అన్నాడు.

"మీకేమైతది మామా? మీ చెల్లె ఎన్నడో పోయె గద."

అనేశాక నాలుక కరుచుకుంది. ముసలాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా వెనక్కి తీసుకోలేదు ఆ మాటను. పడనీ కాసేపు.

అమరేశ్ దుమ్ము కొట్టుకున్న తొట్టెల ఒకటి మోసుకుంటూ దిగాడు. "దొరికింది! అత్త యాడ?" కావేరి అతని కాలు తొక్కింది. అతగాడు తొట్టెల పట్టుకునే నోరు మూసుకున్నాడు.

అప్పుడు తలుపు అవతల నుంచి గొంతు వినబడింది. సన్నగా, గబగబా, చిన్నపిల్ల బడి నుంచి వచ్చి ఊపిరాడకుండా చెప్పే ధోరణిలో ఎవరో మాట్లాడుతున్నారు.

రామాబాయి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కావేరీ, పెద్దలు..."

"ఊకో అత్తా."

మాటలు స్పష్టంగా వినబడడం లేదు. నడుమ నడుమ 'అవ్వా' అన్నది ఒక్కటే వినబడుతోంది. అవ్వా, అవ్వా. హంపయ్య చెవి అటు పెట్టకపోయినా విన్నాడు. గొంతు గుర్తుపట్టాడు. కోడలి వైపు చూశాడు. కావేరి చూపు తిప్పుకోలేదు. తిట్టనీ, కొట్టనీ, ఏమైనా అననీ.

ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నాయినా, తిన్నవా?"

లోపల మాటలు ఆగిపోయాయి.

"అవ్వా..." దగ్గి, మళ్ళీ అన్నాడు. "అవ్వా, తిన్నవా?"

మూడో పిలుపు మిగిలింది. చెల్లెలు బతికున్నదని తెలిసీ ఏటా ఈ తలుపు ముందు నిలబడి పిలిచిన పిలుపే అది. ఏడాదికి ఒక్కసారి ఆ పేరు పలకడానికి ఆయనకు దొరికే సందు అదొక్కటే. ఎవరూ పలకరని ధీమా ఉండబట్టే పిలవగలిగాడు. ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది.

పిలవకుండా తలుపు తీయడానికి లేదు. తీయకుండా ఎంతసేపు నిలబడతాడు?

అమరేశ్ తొట్టెల కింద పెట్టాడు. కావేరికి ఓపిక చచ్చిపోయింది.

"పిలుస్తరా లేదా మామా? అన్నం సల్లారుతుంది."

హంపయ్య పెదాలు కదిలాయి. మొదటిసారి చప్పుడు రాలేదు. రెండోసారి వచ్చింది.

"హులిగీ... తిన్నవా?"

"లేదన్నా" అంది లోపలి గొంతు. "అవ్వకు నేను చెప్పాల్సింది చెప్పిన. నీ మాట నువ్వే చెప్పుకోవాలె. లోపలికి రా."

హంపయ్య చెయ్యి గొళ్ళెం మీద పడింది. తీయడం లేదు. వదలడమూ లేదు.